తన పనికి తనే నోరెళ్లబెట్టడం

అరికాలి మీద ఎదుటివాళ్ల వేలు తగిలితే చాలు, ఎంత గంభీరమైన మనిషైనా మెలికలు తిరిగిపోతాడు. అదే అరికాలి మీద, అదే చోట తన వేలు తనే పెట్టుకుంటే ఏమీ ఉండదు. కాలు అదే, చర్మం అదే, వేలి ఒత్తిడీ దాదాపు అంతే. తేడా అంతా మెదడు దగ్గర ఉంది. చెయ్యిని కదలమన్నది అదే కాబట్టి, ఆ కదలికతో ఎక్కడ ఎలాంటి స్పర్శ తగలబోతోందో అది ముందే అంచనా వేసుకుంటుంది. ఆ అంచనాకు సరిపోయిన స్పర్శను పెద్దగా పట్టించుకోదు. ఈ ముందస్తు లెక్కలో చిన్నమెదడుకు వాటా ఉందని లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ 1998లో చూపించారు.

వాళ్లే ఆ తర్వాత చేసిన ఇంకో ప్రయోగం మరీ గమ్మత్తైనది. మనిషి ఎడమచేత్తో ఒక మీట కదుపుతాడు. ఆ కదలికను అందుకుని ఒక రోబో అతని కుడి అరచేతి మీద మెత్తటి స్పాంజి ముక్కతో రాస్తుంది. చేసేది తనే, తగిలేదీ తనకే. అయితే రోబోను 100, 200, 300 మిల్లీసెకన్లు ఆలస్యంగా కదిలేట్టు పెట్టి చూస్తే, ఆలస్యం పెరిగేకొద్దీ కితకితలు ఎక్కువయ్యాయి. మనకూ మన చేతికీ మధ్య రెప్పపాటు ఎడం వస్తే చాలు, మన చెయ్యి పరాయి చెయ్యి కావడం మొదలవుతుంది.

తన సామర్థ్యాన్ని చూసి మనిషి తనే అబ్బురపడగలడా అన్న ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. పోలికే, రుజువు కాదు. కానీ ఈ ప్రశ్నను ఏ వైపు నుంచి తవ్వినా చివరికి ఆ రెప్పపాటు ఎడమే తగులుతుంది.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. గర్వం వేరు, అబ్బురం వేరు. మాటల్లో ఈ రెండింటినీ కలిపేస్తాం గానీ శరీరం కలపదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ జూడో పోటీల్లో గెలిచినవాళ్ల ఫొటోలను జెస్సికా ట్రేసీ, డేవిడ్ మాట్సుమోటో పరిశీలించారు. గెలిచినవాడి తల వెనక్కి వాలుతుంది, రొమ్ము విరుచుకుంటుంది, చేతులు పైకి లేస్తాయి. పుట్టుకతోనే చూపు లేనివాళ్లు, అంటే ఇంకొకరిని చూసి ఆ భంగిమ నేర్చుకునే అవకాశమే లేనివాళ్లు కూడా అలాగే చేశారు. గర్వం మనిషిని పెద్ద చేస్తుంది. అబ్బురం అలా కాదు. నోరు తెరుచుకుంటుంది, కనుబొమలు లేస్తాయి, మనిషి ఉన్నచోట ఆగిపోతాడు. డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ 2003లో ఈ భావాన్ని విడదీసి రెండు ముక్కలు చెప్పారు. ఎదురుగా ఉన్నది మనకంటే పెద్దదిగా అనిపించాలి. దాన్ని పట్టడానికి మనకు అప్పటిదాకా ఉన్న అవగాహన చాలకపోవాలి. మన అలంకార శాస్త్రంలోనూ అద్భుత రసానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచి ఉండే భావం, విస్మయం. గర్వాన్ని వచ్చిపోయే వ్యభిచారీ భావాల్లో ఒకటిగా వేరే చోట కూర్చోబెట్టారు. రెండూ ఒకటి కావని నాట్యశాస్త్రం రాసిన భరతుడి కాలానికే తెలుసన్నమాట.

తిరుపతి వేంకట కవుల మీసం పద్యం తెలుగువాళ్లకు కొత్త కాదు. దోషమని తెలిసే మీసాలు పెంచామనీ, రెండు భాషలకూ తామే కవీంద్రులమని చాటడానికే పెంచామనీ, రోషముంటే ఓడించమనీ, ఓడిస్తే మీసం తీసి కాళ్ల దగ్గర తల పెట్టి మొక్కుతామనీ సవాలు. అది నిఖార్సైన గర్వం. అందులో విస్మయం చుక్కంత లేదు. దివాకర్ల తిరుపతి శాస్త్రికి గానీ, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రికి గానీ తమకు ఏం వచ్చో, ఎంత వచ్చో కొలత తెలుసు. కొలత తెలిసినవాడు సవాలు విసరగలడు. నోరెళ్లబెట్టడం మాత్రం అతని వల్ల కాదు.

నోరెళ్లబెట్టేది సభ. అవధానం చూసిన వాళ్లకు ఇది అనుభవమే. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అడుగడుగునా ఫలానా అక్షరం వద్దని అడ్డం పడుతుంటాడు. సమస్య ఒకరు, దత్తపది ఒకరు. అప్రస్తుత ప్రసంగి సమయం చూసి ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు. ఎక్కడో గంట మోగుతుంటుంది, అది ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. ఆఖరున ధారణ. అంతసేపు ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ ఏకధాటిగా వస్తుంటే సభ చప్పట్లతో దద్దరిల్లుతుంది. అదే పని లోపలి నుంచి ఎలా ఉంటుంది? ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. గణాలు ఖాయం, రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి. బయటివాళ్లకు ఇవి సంకెళ్లు. సాధన చేసినవాడికి ఇవి పట్టాలు. ఆ చోట ఏ అక్షరాలు ఇమడవో ఛందస్సే చెప్పేస్తుంది, మిగిలిన నాలుగైదు దారుల్లో ఏదో ఒకటి పట్టుకోవడమే అతని పని. పృచ్ఛకుడు ఒక దారి మూస్తే పక్కది ఉంది. సభకు పద్యం కనిపిస్తుంది, అవధానికి తర్వాతి అక్షరం కనిపిస్తుంది. ఒక్కో అక్షరాన్ని చూసి ఆశ్చర్యపోవడానికి ఏముంది?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను సాధారణంగా అయినవాళ్లను చిన్నచూపు చూసే లోకం గురించి వాడతాం. నిజానికి అది అందరికంటే ఎక్కువగా చెట్టుకే వర్తిస్తుంది. జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో ప్రచురించిన పరిశోధనను అందరూ ఒక వైపు నుంచే చెప్పుకుంటారు: ఏమీ రానివాడికి తనకు రాదన్న సంగతీ తెలియదని. వాళ్లు పెట్టిన పరీక్షల్లో అడుగు పావు భాగంలో ఉన్నవాళ్లు సగటున నూటికి 12 మంది కంటే మాత్రమే మెరుగ్గా ఉండి, 62 మంది కంటే మెరుగనుకున్నారు. ఇందులో కొంత భాగం కేవలం గణాంకాల గారడీ అని తర్వాత వాదించినవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలో బలం ఉంది. అయితే ఆ పరిశోధనలోనే ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండో వైపు ఒకటుంది. పై పావు భాగంలో ఉన్నవాళ్లు తమ స్థానాన్ని తక్కువగా వేసుకున్నారు. తమ మార్కుల గురించి వాళ్లకు భ్రమ లేదు, తమకు సులువుగా వచ్చింది కాబట్టి అందరికీ అంతే సులువుగా వచ్చి ఉంటుందనుకున్నారు. వ్యాకరణ పరీక్ష రాసినవాళ్ల చేతికి ఇతరుల సమాధాన పత్రాలిచ్చి దిద్దమంటే, బాగా రాసినవాళ్లు తమ స్థానాన్ని పైకి సవరించుకున్నారు. తమ గొప్ప వాళ్లకు ఎదుటివాళ్ల తప్పుల్లో కనిపించింది.

స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగం కూడా ఈ కోవలోదే. అందరికీ తెలిసిన పాట ఒకటి మనసులో అనుకుని దాని దరువును బల్ల మీద వేలితో వేయాలి. వినేవాళ్లు పాట పేరు చెప్పాలి. సగం మందైనా కనిపెడతారని వేసేవాళ్ల నమ్మకం. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడు. దరువు వేసేవాడి చెవిలో మొత్తం పాట మోగుతోంది, వినేవాడికి బల్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తనకు వచ్చిన విద్య, రానివాడికి ఎలా ఉంటుందో ఊహించుకోవడం ఇంత కష్టం. ఆ ఊహ లేనిచోట అబ్బురం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడికి, తన సామర్థ్యానికి తను అబ్బురపడటం అసాధ్యమని తేల్చేయొచ్చు. అలా తేల్చనివ్వని మనిషి ఒకరున్నారు.

హెన్రీ మొలైసన్. 2008లో చనిపోయేదాకా శాస్త్ర ప్రపంచానికి ఆయన హెచ్.ఎం. మాత్రమే. మూర్ఛ తగ్గక జీవితం నరకమైపోతే, 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో కణతల లోపలి భాగాలను రెండు వైపులా తొలగించారు. అప్పటికి ఆయన వయసు 27. మూర్ఛ చాలావరకు తగ్గింది, కొత్త జ్ఞాపకం ఏర్పడటం కూడా ఆగిపోయింది. ఇప్పుడే పరిచయమైన మనిషి గదిలోంచి వెళ్లి మళ్లీ వస్తే మళ్లీ కొత్త మనిషే. అలాంటివాడి ముందు మాంట్రియల్ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఒక కాగితం పెట్టారు. కాగితం మీద రెండు గీతలతో గీసిన నక్షత్రం. ఆ గీతల మధ్య సందులోంచి పెన్సిల్ పోనివ్వాలి. చిక్కేమిటంటే తన చెయ్యి గానీ కాగితం గానీ నేరుగా కనిపించదు, అద్దంలో చూస్తూ గీయాలి. అద్దంలో అంతా తారుమారు. ఎవరు చేసినా మొదట పెన్సిల్ గీత దాటి పక్కకు పోతుంది, మూల మలుపుల దగ్గర మొరాయిస్తుంది.

మొలైసన్‌కూ మొదట అంతే అయింది. తర్వాత మెరుగుపడింది. రోజుకు పదిసార్ల చొప్పున మూడు రోజులు. మూడో రోజుకు తప్పులు దాదాపు పోయాయి. అదే సమయంలో, ఈ పని ఇంతకుముందు ఎప్పుడైనా చేసినట్టు ఆయనకు గుర్తే లేదు. చెయ్యి నేర్చుకుంది, మనిషికి చెప్పలేదు. చేతి నేర్పుకూ సంఘటనల జ్ఞాపకానికీ మెదడులో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయని తేల్చినందుకు ఈ ప్రయోగం పాఠ్య పుస్తకాలకెక్కింది. కానీ మన ప్రశ్నకు కావలసింది, మిల్నర్ తర్వాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పిన చిన్న సంగతి. నక్షత్రం చక్కగా గీసి, ఆయన తన పనిని తనే చూసుకుని విస్తుపోయాడట. కష్టంగా ఉంటుందనుకున్నాను, బాగానే చేసేశానే అన్న ధోరణిలో.

మామూలు మనిషి ఆ మాట అనలేడు. మూడు రోజుల తంటాలు గుర్తున్నవాడికి మూడో రోజు ఫలితం ఆ తంటాల కూలి. సంతోషం ఉంటుంది, కాస్త గర్వమూ ఉంటుంది, ఆశ్చర్యం ఉండదు. మొలైసన్‌కు కూలి అందింది గానీ పని చేసిన గుర్తు లేదు. తన నేర్పును తను బయటివాడిలా చూడగలిగాడు. లండన్ రోబో 300 మిల్లీసెకన్లతో తెచ్చిన ఎడాన్ని ఇక్కడ శస్త్రచికిత్స శాశ్వతంగా తెచ్చిపెట్టింది. ఆ ఎడం ఖరీదు ఎంతో చెప్పనక్కర్లేదు.

బ్రిటన్‌లో డి.బి. అనే పేరుతో తెలిసిన రోగిది ఇంకో రకం. శస్త్రచికిత్స తర్వాత ఆయనకు ఎడమవైపు చూపు పోయింది. అటువైపు వెలుగు ఎక్కడుందో ఊహించి చూపించమని లారెన్స్ వైస్‌క్రాంట్జ్ బృందం అడిగింది. ఏమీ కనిపించట్లేదు, ఊరికే చూపిస్తున్నానంటూనే ఆయన సరిగ్గా చూపించాడు. ఫలితాలు ముందు పెడితే నమ్మలేకపోయాడు. 1974లో వెలువడిన ఆ నివేదికతోనే బ్లైండ్‌సైట్ అన్న మాట వాడుకలోకి వచ్చింది. తనలోనే ఉన్న శక్తి తనకే తెలియకపోతే, తెలిసిన రోజున అది వింతే.

రామాయణం తెలిసినవాళ్లకు ఇక్కడ హనుమంతుడు గుర్తుకు రావాలి. మునుల శాపంతో తన బలం తనకు తెలియకుండా పోయినవాడు, జాంబవంతుడు గుర్తు చేసేదాకా సముద్రం ఒడ్డున ఒక మూల ఊరకే కూర్చున్నాడు. అయితే గుర్తొచ్చాక వాల్మీకి హనుమ అబ్బురపడడు. ఒళ్లు పెంచి, మేరువు చుట్టూ వెయ్యిసార్లు తిరిగి రాగలనంటాడు. ధీమా తప్ప వేరే మాట లేదు. మరుపు పోయింది కాబట్టి ఎడమూ పోయింది. మొలైసన్‌కు ఆ జాంబవంతుడు ఎన్నడూ రాలేదు.

మెదడులో కత్తి పడనివాళ్ల సంగతేమిటి? నిజానికి మనందరిలోనూ మొలైసన్ కొంచెం ఉన్నాడు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో టైపింగ్ బాగా వచ్చిన 100 మందిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. నిమిషానికి సగటున 72 మాటలు, అందులో 94 శాతం తప్పుల్లేకుండా కొట్టేవాళ్లు వాళ్లు. ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి ఏ అక్షరం ఎక్కడుందో నింపమంటే 26లో సగటున 15 మాత్రమే సరిగ్గా పెట్టగలిగారు. వేళ్లకు తెలిసినది మనిషికి తెలియదు. సైకిల్ తొక్కేవాడిని కుడివైపు తిరగడానికి ముందు హ్యాండిల్ ఎటు తిప్పుతావని అడిగినా ఇంతే. నేర్పు ముదిరేకొద్దీ అది చీకట్లోకి జారుకుంటుంది. అంటే ఎడం మనలోనే తయారవుతోంది. మరి రోజూ ఎందుకు ఆశ్చర్యపోం? రోజూ జరుగుతోంది కాబట్టి. పని ఎలా జరుగుతోందో తెలియకపోయినా జరుగుతుందని తెలుసు, ఆ భరోసా ఆశ్చర్యాన్ని మింగేస్తుంది. అందుకే అబ్బురం రెండే చోట్ల బతికి ఉంటుంది: మొదటిసారి సైకిల్ పడిపోకుండా నిలబడిన క్షణంలో, లేదా ఎన్నడూ లేనంతగా ఏదో కుదిరిన రోజున.

కుదిరిన అన్న మాట ఇక్కడ యాదృచ్ఛికం కాదు. పులుసు అద్భుతంగా వచ్చిన రోజు వంట చేసినావిడ బాగా చేశాననదు, ఇవాళ బాగా కుదిరింది అంటుంది. తెలుగులో నేర్పు చాలావరకు మనిషి చేసేది కాదు, మనిషి దగ్గరికి వచ్చేది. నాకు ఈత వచ్చు. ఆమెకు వీణ వచ్చు. వాడికి లెక్కలు రావు. విద్య అబ్బుతుంది, పని పట్టుబడుతుంది, చెయ్యి తిరుగుతుంది. వైద్యుడిది హస్తవాసి. హిందీలోనూ ఈత మనిషికి ‘వస్తుంది’, కాబట్టి ఇది మనకొక్కరికే దక్కిన వరమేమీ కాదు. వ్యాకరణం మనసును శాసిస్తుందని చెప్పడమూ అతిశయోక్తే. కానీ ‘నాకు వచ్చు’ అనే వాక్యంలో నాకూ విద్యకూ మధ్య కాస్త ఖాళీ ఉంది. ఎలా రాశానో నాకే తెలియదు అని ఒక కవి అంటే తెలుగు చెవికి అది డాంబికంగా తోచదు, ఆ ఖాళీని చూపిస్తున్నాడంతే.

బమ్మెర పోతన దీన్నే పద్యం చేశాడు: పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట. దీన్ని వినయమని నేర్పుతారు బడిలో. వినయమే కావచ్చు. కానీ రాసేవాడి లోపలి అనుభవానికి ఇది నిజాయితీగల వర్ణన కూడా. మాట ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించదు, వచ్చినది మాత్రం తన కొలతకు మించి ఉంది. పోతన చుట్టూ అల్లిన కథ ఇంకా సూటిగా ఉంటుంది. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించే పద్యం మధ్యలో ఆగిపోయింది. ఏం రాయాలో తోచక లేచి బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తాటాకు మీద పద్యం పూర్తయి ఉంది. ఎవరు రాశారని కూతురిని అడిగితే, ఇందాక నువ్వే కదా వచ్చి రాసి వెళ్లావంది. రాముడే పోతన రూపంలో వచ్చాడని కథ ముగింపు. భక్తి సంగతి పక్కన పెట్టినా, తన రాతను చూసి తనే ఆశ్చర్యపోవాలంటే మనిషి కాసేపు అక్కడ లేకుండా ఉండాలని ఈ కథ అల్లినవాళ్లకు తెలుసు.

శ్రీనివాస రామానుజన్ తన సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారి దయ అనేవాడు. ఆ సూత్రాలు చూసి నివ్వెరపోయింది కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీ. గణిత ప్రతిభకు వందలో మార్కులేస్తూ హార్డీ తనకు 25, తోటి గణితవేత్తలు లిటిల్‌వుడ్‌కు 30, హిల్బర్ట్‌కు 80, రామానుజన్‌కు 100 ఇచ్చాడని ఇంకో గణితవేత్త పాల్ ఎర్డోష్ చెప్పేవాడు. రామానుజన్ తనకు తాను ఎంత వేసుకునేవాడు? నామగిరికి నూరు వేసి ఊరుకునేవాడేమో.

ఇంత చెప్పాక ఒక అనుమానం మిగులుతుంది. అబ్బురం కలగక చెప్పట్లేదా, కలిగినా చెప్పుకోకూడదని చెప్పట్లేదా? ఆత్మస్తుతిని మన సమాజం ఎంత తీవ్రంగా చూసిందో కర్ణపర్వం చెబుతుంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇవ్వమన్నవాడి తల తీస్తానని అర్జునుడి వ్రతం. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరానికి చేరిన ధర్మరాజు కోపంలో సరిగ్గా ఆ మాటే అంటాడు. అర్జునుడు కత్తి దూస్తాడు. పెద్దవాడిని నిందిస్తే చంపినట్టే, ఆ పని చేసి వ్రతం చెల్లించుకోమని కృష్ణుడు ఉపాయం చెబుతాడు. అన్నను తిట్టాక ఆ పాపానికి తనను తనే చంపుకోబోతాడు అర్జునుడు. దానికీ ఉపాయం ఉంది: నిన్ను నువ్వే పొగడుకో, ఆత్మహత్యతో సమానం. అప్పుడు అర్జునుడు శివుడు తప్ప తనకు సాటి విలుకాడు లేడని చెప్పుకుంటాడు. సొంత డబ్బా కొట్టుకోవడాన్ని చావుతో తూకం వేసిన సంస్కృతిలో, లోపల నోరెళ్లబెట్టినవాడు కూడా బయటికి ఏదో దేవుడి దయ అంటాడు. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 150 మందికి పైగా ప్రతిభావంతులైన మహిళలతో మాట్లాడి వర్ణించిన ఇంపోస్టర్ భావన దీనికి విషపు కొస. తనూ తన విజయమూ వేర్వేరన్న అదే ఎడం వాళ్లలోనూ ఉంది. అది అబ్బురంగా మారక, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పట్టేసుకుంటారన్న భయంగా మారింది.

కత్తీ దేవుడూ లేకుండా అందరికీ అందుబాటులో ఉన్న ఎడం కాలమే. దూరపు కొండలు నునుపంటారు గానీ, పాత రాతలు చాలాసార్లు గరుకుగానే తేలతాయి. హైదరాబాద్‌లో గానీ బెంగళూరులో గానీ సాఫ్ట్‌వేర్ పని చేసే ఎవరినడిగినా ఒకే అనుభవం చెబుతారు. అర్థం కాని కోడ్ తగులుతుంది. ఏ తలకుమాసినవాడు రాశాడ్రా ఇది అని ఏ వరుస ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొట్టి చూస్తే, మూడేళ్ల కిందటి తేదీ, పక్కన తన పేరే. పదిసార్లలో తొమ్మిదిసార్లు కథ అక్కడే ముగిసిపోతుంది.

పదోసారి మాత్రం కోడ్ చాలా బాగుంటుంది. నలభై వరుసల్లో రావలసింది ఆరు వరుసల్లో పూర్తయి ఉంటుంది, ఎక్కడా అతుకు కనిపించదు. పేరు చూసి మళ్లీ పైకి వెళ్లి మొదటి నుంచి చదువుతాడు. అప్పుడు ఏమనుకుని అలా రాశాడో ఎంత తడుముకున్నా గుర్తుకు రాదు. అందులో చిన్న మార్పు చేయాల్సిన పని ఇప్పుడు అతనికే పడింది. ఆ ఆరు వరుసల మీద చెయ్యి వేయాలంటే జంకుతాడు.